రెండు మాటలు - ఒకే నిప్పు

రహదారిపై పెట్రోలు మోసికొనిపోవు ట్యాంకరు లారీలను మనమందరము చూచుచునే యున్నాము. వాని వెనుకభాగమున పెద్ద అక్షరములతో ఇంగ్లీషులో ఒక హెచ్చరిక వ్రాసి యుండును. కొన్నిటిపై ‘హైలీ ఇన్‌ఫ్లేమబుల్’ అని యుండును. మరికొన్నిటిపై ‘హైలీ ఫ్లేమబుల్’ అని యుండును. ఇంగ్లీషు నేర్చుకొనుచున్న బాలునకు ఈ రెండు మాటలును ఒకదానికొకటి విరుద్ధములని తోచుట సహజము. పాఠశాలలో అతనికి నేర్పిన సూత్రమే అది గదా! ‘కరెక్టు’ అనగా ఒప్పు, ‘ఇన్‌కరెక్టు’ అనగా తప్పు. ‘విజిబుల్’ అనగా కనబడునది, ‘ఇన్‌విజిబుల్’ అనగా కనబడనిది. ఆ లెక్క ప్రకారము ‘ఫ్లేమబుల్’ అనగా మండునది, ‘ఇన్‌ఫ్లేమబుల్’ అనగా మండనిది కావలెను. కాని అట్లు కాదు. రెండు మాటలకును అర్థమొక్కటే: సులభముగా నిప్పంటుకొని మండునది.

ఇందలి విశేషమేమనగా, ఇచట మోసపోవువాడు బొత్తిగా చదువు రానివాడు కాడు. ఇంగ్లీషు అక్షరము రానివాడు పక్కవానిని అడిగి తెలిసికొనును. సూత్రము నేర్చినవాడు తనకు తెలియుననుకొని అడుగక ఊరకుండును. ఇట్లు సగము చదువు ప్రమాదకరమగు తావు ఇది. ఒకే అర్థము గల రెండు మాటలు ఒక భాషలో ఎట్లు ఏర్పడినవి? వేయేండ్లకు పైబడిన వంశచరిత్ర గల మాటను తొలగించి, నిన్న మొన్నటి మాటను దాని స్థానమున కూర్చుండబెట్టుటకు ఎవరు పూనుకొనిరి? ఎందుకు పూనుకొనిరి? ఈ కథలో వ్యాకరణము కొంత, చట్టము కొంత, నిప్పు కొంత కలిసి యున్నవి.

ఈ మాటల మూలము లాటిన్ భాషలో నున్నది. ఆ భాషలో ‘ఫ్లమ్మా’ అనగా మంట. దానినుండి ‘ఫ్లమ్మారే’ అను క్రియ పుట్టినది. మండుట, మండించుట యని దాని యర్థము. దానికి ముందు ‘ఇన్’ అను ఉపసర్గ చేరగా ‘ఇన్‌ఫ్లమ్మారే’ అయినది. ఈ ‘ఇన్’ లేదు, కాదు అని చెప్పునది గాదు. లోపల, లోనికి అను అర్థములిచ్చు అవ్యయమే క్రియకు ముందు చేరి దాని బలమును పెంచినది. వస్తువులోనికి మంటను చొప్పించుట, రగుల్కొల్పుట అని భావము. దానికి యోగ్యతను తెలుపు ప్రత్యయము చేరి మధ్యయుగపు లాటిన్‌లో ‘ఇన్‌ఫ్లమ్మాబిలిస్’ అను విశేషణ మేర్పడినది. అదియే ఫ్రెంచివారికిని, ఇంగ్లీషువారికిని సంక్రమించినది. వ్యుత్పత్తిని బట్టి చూచినచో ‘ఇన్‌ఫ్లేమబుల్’ అను మాటలో దోషము లేశమును లేదు.

దోషము మాటలో లేదు గాని, చిక్కు ఉపసర్గలో నున్నది. లాటిన్‌లో ఉచ్చారణ యొక్కటియే యైన ‘ఇన్’లు రెండు కలవు. ఒకటి పైన చెప్పిన ‘లోపల’ అను అర్థము గలది. ఇంగ్లీషులో నిత్యము వాడుకలో నున్న ‘ఇన్’ అను చిన్నమాటకు అది చుట్టము. రెండవది నిషేధార్థకము. ఈ రెండవదానికి మన సంస్కృత పదములతోడనే బంధుత్వము కలదు. ‘అధర్మము’, ‘అనంతము’ అను మాటలలో ముందు నిలిచిన ‘అ’, ‘అన్’ అనునవియు, గ్రీకు భాషలోని ‘అ’, ‘అన్’ అనునవియు, ఇంగ్లీషువారి స్వంతమైన ‘అన్’ అనునదియు, లాటిన్‌లోని ఈ రెండవ ‘ఇన్’ అనునదియు ఒకే మూలమునుండి వచ్చినవని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. అందుచేతనే ఇంగ్లీషులోని ‘ఇన్‌ఫినిట్’ అను మాటయు, మన ‘అనంత’ అను మాటయు కట్టుబడిలోను భావములోను అంత దగ్గరగా నున్నవి. అంతము లేనిది అనియే రెండింటికిని అర్థము.

రెండు ‘ఇన్’లును పుట్టుకలో వేరు, అర్థములో వేరు. లాటిన్ మాటలు ఇంగ్లీషులోనికి వేలకొలది వచ్చినపుడు రెండును ఒకే వేషమున వచ్చినవి. ‘ఇన్‌ఫ్లేమబుల్’ అనగా మండునది. ‘ఇన్‌కంబస్టిబుల్’ అనగా మండనిది. రెండును నిప్పును గూర్చిన మాటలే. రెండింటికిని తలయందు ‘ఇన్’ ఉన్నది. అర్థములు మాత్రము ఉత్తర దక్షిణ ధ్రువములు. ‘ఇన్‌హాబిటబుల్’ అను మాట చరిత్ర యింకను వింతయైనది. నేడు దానికి నివసింపదగినది యని అర్థము. షేక్‌స్పియరు తన ‘రెండవ రిచర్డు’ నాటకమున దానిని నివసింప వీలుకానిది యను అర్థమున ప్రయోగించెను. ఒకే మాట ఒక కాలమున ఒక ‘ఇన్’తో, మరియొక కాలమున మరియొక ‘ఇన్’తో నడచినదన్నమాట.

ఇట్టి చిక్కులు ఇంగ్లీషువారికే గాక మనకును కలవు. ‘అనుచరుడు’, ‘అనుచితము’ అను మాటలను ప్రక్కప్రక్కన నుంచి చూడుడు. మొదటిదానిలో వెంట అను అర్థమిచ్చు ‘అను’ అను ఉపసర్గ యున్నది. రెండవదానిలో ఆ ఉపసర్గ లేనే లేదు. నిషేధార్థకమైన ‘అన్’ అనునది ‘ఉచితము’తో కలిసినది. ‘అనుకూలము’ మొదటి తెగకు చెందినది. ‘అనుపమము’ రెండవ తెగకు చెందినది. అట్లే ‘వి’ అను ఉపసర్గ. ‘విఫలము’ అనగా ఫలము లేనిది. ‘విశుద్ధము’ అనగా శుద్ధి లేనిది కాదు, మిక్కిలి శుద్ధమైనది. ‘విరసము’లో రసము పోయినది, ‘విఖ్యాతి’లో ఖ్యాతి పెరిగినది. వీనిని మనము నిత్యము వాడుచునే యున్నాము. ఎవరును పొరపడుట లేదు.

అచ్చ తెలుగులో ఇంతకంటె విచిత్రమైన ప్రయోగము కలదు. ఇంటిలో బియ్యమైపోయినపుడు ‘అయిపోయినవి’ అనుట అమంగళమని తలచి, మన గృహిణులు ‘బియ్యము నిండుకొన్నవి’ అందురు. దీపమారినపుడు ‘కొండెక్కినది’ అందురు. తెలుగు నేర్చిన పరదేశీయుడు ‘నిండుకొన్నవి’ అను మాట విన్నచో, బస్తా నిండుగా నున్నదని సంతోషించును. మనము మాత్రము సంచి తీసికొని అంగడికి బయలుదేరుదుము. మాటయొక్క అంగములను విడదీసి కూడుకొని మనము అర్థము చేసికొనుట లేదు. పసితనమునుండి ఆ మాటను ఆ సందర్భమున విని విని యుండుటచేత అర్థము తానై స్ఫురించుచున్నది. పరిచయము గలచోట చిక్కుమాటయు చిక్కు కాదు. పరిచయము లేనిచోట సూత్రమే దారి చూపవలెను. ఆ సూత్రము అప్పుడప్పుడు దారి తప్పించును.

‘ఇన్‌ఫ్లేమబుల్’ అను మాట ఇంగ్లీషులో చాలకాలము పరిచయస్థుల నడుమనే తిరిగినది. పదునేడవ శతాబ్ది ప్రారంభమునకే అది నిప్పంటుకొనునది యను అర్థమున వాడుకలోనికి వచ్చినది. దానిని వ్రాసినవారును చదివినవారును అధికసంఖ్యాకులు లాటిన్ నేర్చినవారు. 1766లో హెన్రీ కావెండిషు అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు లోహములపై ఆమ్లములు పోయగా వెలువడు ఒక వాయువును పరిశోధించి, ఆ ఫలితములను రాయల్ సొసైటీకి నివేదించెను. ఆ వాయువు ‘ఇన్‌ఫ్లేమబుల్ ఎయిర్’ అను పేరున ప్రసిద్ధి కెక్కినది. తరువాత లవోసియరు మొదలగు ఫ్రెంచి శాస్త్రజ్ఞులు దానికి హైడ్రోజను అని పేరిడిరి. మన పాఠ్యగ్రంథములలో ఉదజని యైనది అదియే. ఆ వాయువు మండదేమో యని రాయల్ సొసైటీలో ఎవరును భ్రమపడి యుండరు.

అదియును గాక, నాటి వాడుకలో ‘ఇన్‌ఫ్లేమ్’ అను క్రియ సజీవముగా నుండెను. రగుల్కొల్పుట యని దాని యర్థము. క్రియ తెలిసినవానికి విశేషణము తెలియకపోదు. రాను రాను ఆ క్రియ కట్టెలను విడిచి మనుష్యుల మనస్సులను, శరీరములను ఆశ్రయించినది. కోపమును రగుల్కొల్పుటకును, గాయము వాచి ఎఱ్ఱబడుటకును ఆ మాట మిగిలినది. నిజమైన మంటతో దాని సంబంధము జనుల తలపునుండి తొలగినది. నేటికిని వైద్యులు వాపును ‘ఇన్‌ఫ్లమేషన్’ అందురు. ఎఱ్ఱదనము, వాపు, వేడి, నొప్పి అని దాని నాలుగు లక్షణములను రోమను రచయిత సెల్సస్ సుమారు రెండువేల సంవత్సరముల క్రిందటనే పేర్కొనెను.

పందొమ్మిదవ శతాబ్దిలో పరిస్థితి మారినది. 1859లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున డ్రేక్ అనునాతడు చమురుబావి త్రవ్వించెను. అటుపిమ్మట కిరసనాయిలు దీపము దేశదేశముల సామాన్య గృహములలో వెలిగినది. అగ్గిపుల్లలు వచ్చినవి; సెల్యులాయిడు వచ్చినది; మోటారు బండితో పెట్రోలు వచ్చినది. ప్రయోగశాలలోని పదార్థములు పీపాలకెక్కి, బండ్లకెక్కి, వంటయింటికి వచ్చినవి. వానితోబాటు వాని విశేషణమును పుస్తకమునుండి దిగి డబ్బాపై కెక్కినది. ఇకపై దానిని చదువువాడు రాయల్ సొసైటీ సభ్యుడు కాడు. పీపాలు దొర్లించు కూలి, లారీ నడుపు డ్రైవరు, దీపమున నూనె పోయు ఇల్లాలు.

చట్టములు మాత్రము ప్రాతమాటనే పట్టుకొనినవి. 1909లో బ్రిటిషు పార్లమెంటు సినిమా ప్రదర్శనల భద్రతకై ఒక చట్టము చేసెను. నాటి ఫిలుములు సెల్యులోజు నైట్రేటుతో చేసినవి. అవి తమలోని ఆమ్లజనితోనే మండగలవు. అందుచే నీటిలో ముంచినను ఆరవు. అట్టి ‘ఇన్‌ఫ్లేమబుల్’ ఫిలుములు వాడు ప్రదర్శనలకు ఆ చట్టము నియమములు విధించినది. 1913లో మరియొక చట్టము వచ్చినది. నిప్పంటుకొననివని చెప్పి బట్టలు విక్రయించు వర్తకులను అది అదుపుచేసినది. ఇట్లు మండునా మండదా యను మాట అంగడిలో వివాదమైనది. మాట తప్పినచో ఒడలు కాలు కాలము వచ్చినది.

ఇప్పుడు రెండవ మాట చరిత్ర చూతము. ‘ఫ్లేమబుల్’ అను రూపము ఇంగ్లీషులో 1813లో కనబడుచున్నది. ‘ఫ్లమ్మారే’ అను ఉపసర్గ లేని లాటిన్ క్రియనుండియే అది వచ్చినది గనుక దాని పుట్టుకలోను దోషము లేదు. కాని నూరు సంవత్సరములకు పైగా ఎవరును దానిని పట్టించుకొనలేదు. ఉన్న మాట చక్కగా పనిచేయుచుండగా రెండవది యెందులకు? అది నిఘంటువులలో నిద్రించినది.

దానిని మేల్కొల్పినవారు కవులు కారు, పండితులు కారు. అగ్నిప్రమాదములను నివారింప బూనినవారు. అమెరికాలో 1896లో స్థాపితమైన జాతీయ అగ్నిరక్షణ సంఘము 1920లలో ‘ఇన్‌ఫ్లేమబుల్’ అను మాటను విడిచి ‘ఫ్లేమబుల్’ అను మాటను వాడవలసినదని ప్రబోధింప నారంభించెను. ‘ఇన్’ అను ఉపసర్గను చూచి జనులు మండనిదని భ్రమపడుదురేమో యను భయమే వారిని ఇందుకు పురికొల్పినది. ఇచట గమనింపవలసిన దొకటి కలదు. నూటికి తొంబదితొమ్మిది మంది మాటను సరిగా గ్రహించినను, నూరవవాడు పొరపడినచో చాలును. నిప్పు లెక్కలు చూడదు.

మాటకును నిప్పుకును గల సంబంధమును కన్నులార చూచినవాడు ఆ దేశముననే మరియొకడు కలడు. ఆయన పేరు బెంజమిన్ లీ వార్ఫ్. రసాయనిక ఇంజనీరింగు చదివి, 1919లో ఒక అగ్నిబీమా కంపెనీలో చేరి, 1941లో మరణించువరకు ఆ కొలువునందే యుండెను. కర్మాగారములను తనిఖీ చేయుట, నిప్పు ఎట్లు పుట్టినదో విచారించుట ఆయన పని. తీరిక వేళల భాషాశాస్త్రమును అభ్యసించి, అందును ప్రసిద్ధి గాంచెను. 1941లో ప్రకటితమైన ఒక వ్యాసమున తన యుద్యోగానుభవములను కొన్నింటిని వివరించెను.

అందొకటి పెట్రోలు పీపాల సంగతి. నిండు పీపాలున్నచోట పనివారు మిక్కిలి జాగ్రత్తగా మెలగుదురు. ‘ఖాళీ పీపాలు’ అని పేరుపెట్టిన చోట పొగ త్రాగుదురు, పుల్లలు పారవైతురు. ఖాళీ యనగా ఏమియు లేనిదనియే గదా వారి భావము! యథార్థమున ఖాళీ పీపాయే ఎక్కువ ప్రమాదకరము. ద్రవము పోయినను దాని ఆవిరి మిగిలి, గాలితో కలిసి, నిప్పురవ్వ కొరకు కాచుకొని యుండును. మరియొకటి సున్నపురాయి సంగతి. కట్టెలను బట్టీపట్టి ద్రవ్యములు తీయు కర్మాగారమున పాత్రలకు వేడి పోకుండ ఒక తొడుగు వేసిరి. అది సున్నపురాయితో చేసినది. దాని పేరును అదియే. రాయి మండునా యని ఎవరును దానిని మంటనుండి కాపాడలేదు. కొంతకాలమునకు అది భగ్గున మండినది. పాత్రలనుండి వెలువడు ఆమ్లపు ఆవిరులు రాతిలో కొంత భాగమును వేరొక పదార్థముగా మార్చివేసినవి. వేడి తగిలినపుడు ఆ పదార్థమునుండి మండు స్వభావము గల ఎసిటోను పుట్టినది. పదార్థము మారినది, పేరు మారలేదు. పనివారు పేరును నమ్మిరి.

భాష మన ఆలోచనను ఎంతవరకు నడిపించునను విషయమున వార్ఫ్ చేసిన సిద్ధాంతములపై పండితులలో నేటికిని అభిప్రాయభేదములు కలవు. కాని పీపాల సంగతిలో వివాదమునకు తావు లేదు. పెట్రోలు ఆవిరులు సున్నకంటె 40 డిగ్రీల సెంటీగ్రేడు క్రింది చలిలోనైనను నిప్పురవ్వకు అంటుకొనగలవు; కిరసనాయిలుకు 35 నుండి 40 డిగ్రీల వరకు వేడి కావలెను. ద్రవముయొక్క ఆవిరి నిప్పుకు అంటుకొను ఈ కనిష్ఠమైన వేడిమిని ఇంగ్లీషులో ‘ఫ్లాష్ పాయింటు’ అందురు. దానిని కొలుచు ఆబెల్ అను శాస్త్రజ్ఞుని సాధనమును బ్రిటిషు పెట్రోలియము చట్టము 1879లో ప్రమాణముగా స్వీకరించినది. మన విశేషణము వెనుక నున్న శాస్త్రమిది. మండునది ద్రవము గాదు, దానినుండి లేచు కనబడని ఆవిరి. 1997 సెప్టెంబరు 14న విశాఖపట్టణములోని చమురుశుద్ధి కర్మాగారమున వంటగ్యాసు వెలువడి, ఆవిరి మేఘమై వ్యాపించి, నిప్పంటుకొని యాబదిమందికి పైగా ప్రాణములను బలిగొన్నది. కంటికి కనబడని శత్రువును గూర్చి మనిషిని హెచ్చరింపగలది మాట యొక్కటియే. ఆ మాట తడబడరాదు.

ఇరువదవ శతాబ్ది నడుమ క్రొత్తమాటకు రాజమర్యాదలు లభించినవి. అమెరికాలో నూగు తేలిన రేయాను స్వెటర్లు, పిల్లలు ముచ్చటపడి ధరించు గొల్లదొరల వేషపు దుస్తులు రవ్వ తగిలినంతనే భగ్గుమని మండి, పలువురిని కాల్చివేసినవి. అప్పుడు 1953లో ఆ దేశపు శాసనసభ చేసిన చట్టము పేరులోనే ‘ఫ్లేమబుల్’ అను మాట చోటు సంపాదించుకొన్నది. 1959లో బ్రిటిషు ప్రమాణసంస్థ సందిగ్ధతకు తావీయకుండుటకై ‘ఫ్లేమబుల్’, ‘నాన్‌ఫ్లేమబుల్’ అను జంటనే ప్రోత్సహింతుమని ప్రకటించెను. 1909లో ప్రాతమాటతో చట్టము వ్రాసిన దేశముననే 1972 నాటి నిబంధనల శీర్షికలో క్రొత్తమాట నిలిచినది. ప్రమాదకర వస్తువుల రవాణాకై ఐక్యరాజ్యసమితి ఏర్పరచిన వర్గీకరణమున మూడవ తరగతి ద్రవములకు ఇదియే పేరు. రసాయనముల చీటీలకై ఆ సంస్థ 2003లో ప్రకటించిన ప్రపంచవ్యాప్త పద్ధతియు దీనినే గ్రహించినది. ఫ్రెంచివారు మాత్రము తమ ‘ఇన్‌ఫ్లమాబ్లు’ అను మాటను విడువలేదు. రగిలించుట యను అర్థము గల క్రియ వారి నిత్యవ్యవహారమున బ్రతికియే యున్నది. పరిచయము వారిని కాపాడుచున్నది.

భాషాభిమానులకు ఈ మార్పు రుచింపలేదు. తెలియనివారి పొరపాటునకు లోబడి మంచి మాటను బహిష్కరించుట న్యాయమా యని వారి ప్రశ్న. అమెరికను రచయిత ఇ. బి. వైట్ సవరించి ప్రకటించిన ‘ఎలిమెంట్స్ ఆఫ్ స్టైల్’ అను ప్రసిద్ధ గ్రంథమున ఈ విషయమున కొంచెము వ్యంగ్యముగనే తీర్పు చెప్పబడినది. పిల్లలయొక్కయు, చదువురానివారియొక్కయు క్షేమమును చూడవలసిన లారీ యజమానులు క్రొత్తమాట వాడుకొనవచ్చును, తక్కినవారు ప్రాతమాటనే వాడవలెనని దాని తాత్పర్యము.

ఈ వాదమును మేము తేలికగా త్రోసివేయుట లేదు. తెలియనివారు తెలిసికొనవలెను గాని, తెలిసినవారు మరచిపోవలెనా యను ప్రశ్నలో బలమున్నది. మాటల చరిత్ర ఒక జాతి సంపద. ప్రతి మాటను అతి తక్కువ చదివినవాని కొలతకు కత్తిరించుచు పోయినచో సాహిత్యమున మిగులునది స్వల్పము. కాని మాటలన్నియు ఒకే పనికై పుట్టలేదు. కావ్యములోని మాటకు తీరిక కలదు. పాఠకుడు ఆగవచ్చును, నిఘంటువు చూడవచ్చును, గురువు నడుగవచ్చును. హెచ్చరికకు ఆ తీరిక లేదు. చేతిలో అగ్గిపుల్ల వెలుగుచుండగా వ్యుత్పత్తి విచారించువాడెవడు? కావ్యమున పాఠకుడు మాట వద్దకు రావలెను. హెచ్చరికలో మాటయే మనిషి వద్దకు పోవలెను. పిల్లలు, చదువురానివారు అని ఆ గ్రంథము ప్రక్కన పెట్టినవారే హెచ్చరికకు అసలు హక్కుదారులు.

ఆకాశవాణిలో పనిచేయు మాకు ఈ సంగతి అనుదినము అనుభవములోనికి వచ్చును. అచ్చైన మాటను రెండుసార్లు చదువవచ్చును. గాలిలో పలికిన మాట ఒక్కసారియే వినబడును. తుపాను హెచ్చరికలో ‘తీరము దాటును’ అనునది ఏ అర్థముననో వాతావరణ శాస్త్రజ్ఞుడెరుగును. సముద్రమునుండి భూమి మీదికి వచ్చునని దాని భావము. గండము దాటినదన్నట్లు తుపాను దాటిపోవునని వినువాడు భావించినచో, తప్పు వినువానిది కాదు. మేము ఒక వాక్యము అధికముగా చెప్పి అర్థమును బయటపెట్టవలెను.

మన దేశమున చట్టము చిరకాలము ప్రాతమాటతోనే నడచినది. 1934 నాటి పెట్రోలియము చట్టము తన నిర్వచనములోనే ‘ఇన్‌ఫ్లేమబుల్’ అను మాటను వాడినది. స్వాతంత్ర్యానంతరము 1952లో చేసిన ‘ఇన్‌ఫ్లేమబుల్ సబ్‌స్టెన్సెస్ ఆక్టు’ పేరునందే దానిని ధరించినది. లారీలపై ఆ మాట నేటికిని కనబడుటకు ఇదియొక కారణము కావచ్చును. 2020లో వ్యాధిభయముచే ఇంటింటను చేరిన చేతి శుభ్రతా ద్రావకములు సారాయి సత్తుతో చేసినవి గనుక, వాని సీసాలపై క్రొత్తమాటయు, జ్వాల గుర్తును కనబడినవి. ఇట్లు రెండు మాటలును మన వీథులలో ప్రక్కప్రక్కనే తిరుగుచున్నవి.

ఇక దీనిని తెలుగులో ఎట్లు చెప్పవలెను? ఇచట మనకును ‘ఇన్’ వంటి గోతులు కలవు. సంస్కృతమున ‘దాహ్యము’ అనగా కాలదగినది. శాస్త్రమునకు చక్కని మాట. కాని తెలుగువానికి దాహమనగా దప్పి. ‘దాహ్యద్రవము’ అని సీసాపై వ్రాసినచో, దప్పిగొన్నవాడు దానిని పానీయమనుకొనినను ఆశ్చర్యము లేదు. ‘అంటుకొనును’ అని మాత్రము వ్రాసినచో, జిగురువలె అంటుకొనునా, అంటువ్యాధివలె అంటుకొనునా యను సందేహము కలుగును. ‘జ్వలనశీలము’ నిర్దుష్టమైన మాటయే, శాస్త్రగ్రంథమున ఉండదగినది. వంటయింటి డబ్బాపై దానిని చదివి చేయి వెనుకకు తీయువారు తక్కువ. ‘వెంటనే నిప్పంటుకొనును’ అని వ్రాసినచో సందేహము లేదు. అది సమాసము కాదు, సొగసును లేదు. కాని దానిలో నిప్పు కనబడుచున్నది.

ఇంత జరిగినను ‘ఇన్‌ఫ్లేమబుల్’ నశింపలేదు. ఇంగ్లీషులో రెండు మాటలును క్రమముగా పని పంచుకొనుచున్నవి. చమురు, బట్ట, రంగు ఇత్యాదులకు ‘ఫ్లేమబుల్’. కోపమునకు, కలహమునకు, ఉద్రిక్తమైన పరిస్థితికి ‘ఇన్‌ఫ్లేమబుల్’. జనులను రెచ్చగొట్టు ఉపన్యాసమును ‘ఇన్‌ఫ్లమేటరీ’ అందురు. అచట ఉపసర్గను తొలగింపవలెనని ఎవరును కోరలేదు. పెద్దకొడుకు ఇంటి గౌరవము నిలుపుకొనుచుండగా చిన్నకొడుకు పొలము పనికి పోయినట్లున్నది ఈ పంపకము. పొలము పనిలోనే ప్రాణాపాయమున్నది గనుక అచటికి మెలకువ గలవాడు పోవుట మంచిదే.

పరీక్షలో ఈ రెండు మాటలకు భేదమేమని అడిగినచో, భేదము లేదని విద్యార్థి వ్రాయవలెను. అది సరియైన సమాధానము. ఇంటిలో స్టవ్వు చమురు డబ్బాకో, రంగు పలచన చేయు ద్రావకపు సీసాకో చీటీ అంటింపవలసి వచ్చినపుడు మాత్రము రెండింటిలో దేనిని గాక, ఇంటిలో అందరికంటె తక్కువ చదివినవారికి ఏ మాట తెలియునో ఆ మాటను పెద్ద అక్షరములతో వ్రాయుట మేలు. డబ్బా నిండుకొన్న పిదపను ఆ చీటీని చింపివేయరాదు. ఖాళీ డబ్బాకే దాని అవసర మెక్కువ.